రిజిస్ట్రార్ బల్ల వెనక కుర్చీ

ఆగస్టు మొదట్లో డాలస్ చుట్టుపక్కల ఏ పబ్లిక్ స్కూలు ఆఫీసుకి వెళ్లినా ఒకటే హడావుడి. చేతిలో ఫైళ్లు, పక్కన పిల్లలు, ముఖాల్లో ఆదుర్దా. ఇంటి లీజు కాగితం తెచ్చినవాళ్లు కరెంటు బిల్లు మరిచిపోతారు. టీకాల కార్డు భద్రంగా తెచ్చినవాళ్ల దగ్గర పాత స్కూలు టీసీ ఉండదు. హైదరాబాద్ నుంచి దిగి వారమైనా కాని అమ్మానాన్నలు, ఏ కాగితం చూపించాలో తెలియక అన్నీ ఒకేసారి బల్లమీద పరుస్తారు. ఆ బల్లకి అవతలివైపు కూర్చుని ఒక్కో కాగితం తీసి చూస్తూ, "పర్లేదు, ఇవి చాలు, ఇదొక్కటీ రేపు తెండి" అని చెప్పే మనిషే స్కూలు రిజిస్ట్రార్. అదే ఊళ్లో, హాస్పిటల్ ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర పేరూ పుట్టినతేదీ అడిగి చేతికి పట్టీ కట్టే మనిషి పేషెంట్ రిజిస్ట్రార్.

భర్త ఉద్యోగం కోసం అమెరికా వచ్చి, ఐదారేళ్లు ఇంటి పట్టునే ఉండి, మళ్లీ పనిలోకి వెళ్లాలని చూస్తున్న మన ఆడపిల్లలకి ఈ రెండు కుర్చీలూ కళ్లెదుటే ఉన్నా ఆనడం లేదు. ఎంసీఏ చదివాను కదా, గుమాస్తా పని చేయడమేమిటని కొందరి మొహమాటం. అంత ఇంగ్లీషు నావల్ల అవుతుందా అని మరికొందరి బెరుకు. ఈ రెండూ అనవసరమని నా గట్టి నమ్మకం. ఈ పనికి కావలసింది పెద్ద డిగ్రీ కాదు. అలసిపోయిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు తొణక్కుండా, తప్పు పోకుండా, విన్నది బయటికి పొక్కకుండా పని చేసే స్వభావం కావాలి. అది సాధనతో వస్తుంది. దరఖాస్తులోనూ ఇంటర్వ్యూలోనూ చూపించాల్సింది కూడా దాన్నే.

ముందు ఒక జాగ్రత్త. మన యూనివర్సిటీల్లో రిజిస్ట్రార్ అంటే పాలనాపరంగా పెద్ద పదవి. బ్రిటన్, ఆస్ట్రేలియా ఆస్పత్రుల్లో రిజిస్ట్రార్ అంటే స్పెషలిస్టు శిక్షణలో ఉన్న డాక్టరు. నేను చెబుతున్నది ఆ రెండూ కాదు. అమెరికా బడుల్లో, ఆస్పత్రుల్లో హైస్కూలు చదువు అర్హతగా గంటల లెక్కన జీతమిచ్చే ఆఫీసు ఉద్యోగం. జీతం ఐటీ వాళ్లతో పోలిస్తే తక్కువే. అది తెలిసే దిగాలి.

స్కూలు రిజిస్ట్రార్ పని పైకి కనిపించేకంటే చాలా లోతైనది. కొత్త పిల్ల వస్తే జనన ధ్రువపత్రం, చిరునామా రుజువు, టీకాల రికార్డు, పాత మార్కులు చూడాలి. చదివే పిల్ల వెళ్లిపోతే కొత్త స్కూలుకి రికార్డులు పంపాలి. టెక్సస్‌లో ఒక ప్రభుత్వ బడి నుంచి మరోదానికి ఇవి ట్రెక్స్ అనే రాష్ట్ర వ్యవస్థ ద్వారా వెళతాయి. హైస్కూల్లో అయితే ట్రాన్‌స్క్రిప్టులు, క్రెడిట్ల లెక్క, కాలేజీలు అడిగే కాగితాలు అన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తాయి. రాష్ట్రానికి పంపే సమాచారాన్ని పీమ్స్ అంటారు. అక్టోబరు చివరి శుక్రవారం నాటికి బడిలో ఎవరున్నారో ఆ లెక్క ఖాయమవుతుంది. రాష్ట్రం ఇచ్చే డబ్బు సగటు రోజువారీ హాజరుని బట్టి ఉంటుంది కాబట్టి, హాజరుపట్టీలో తప్పు పడితే అది బడి ఖజానాకే తగులుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చట్టం పిల్లకి ఇచ్చిన హక్కు ఆ గుమ్మం దగ్గర నిజమవుతుందా లేదా అన్నది ఈ మనిషి చేతిలోనే ఉంటుంది. టెక్సస్‌లోని టైలర్ అనే ఊరి బడి, పత్రాలు లేని వలస పిల్లలకి ఫీజు పెడితే, ఆ వివాదం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1982లో ప్లైలర్ కేసు తీర్పు, వలస పత్రాలు లేవన్న కారణంతో పిల్లలకి ఉచిత ప్రభుత్వ చదువు నిరాకరించకూడదని చెప్పింది. కాబట్టి రిజిస్ట్రార్ వీసా అడగకూడదు. ఇల్లు లేక మోటెల్లోనో, చుట్టాల ఇంట్లోనో తలదాచుకుంటున్న పిల్లల్ని, కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని 1987 నాటి మెకినీ-వెంటో చట్టం చెబుతోంది. "లీజు కాగితం లేదా? అయితే రేపు రండి" అని యథాలాపంగా అనేస్తే ఒక పిల్ల చదువు ఆగిపోతుంది. "ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారమ్మా?" అని నెమ్మదిగా అడిగితే చదువు మొదలవుతుంది. సాయం చేయాలన్న మనసుతోపాటు సరైన ప్రశ్న వేయడం కూడా తెలిసుండాలి.

మన భాష, మన అలవాట్లు తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర ఉంటే ఎంత మేలో చెప్పనివ్వండి. మన టీకాల కార్డుమీద 05/08/2018 అని ఉంటే అది ఆగస్టు అయిదు. అమెరికా పద్ధతిలో చదివితే మే ఎనిమిది. ఒక డోసుకీ ఇంకో డోసుకీ మధ్య ఉండాల్సిన వ్యవధి ఈ ఒక్క పొరపాటుతో తారుమారై, పిల్లకి వేసిన టీకానే మళ్లీ వేయమని చెప్పొచ్చు. అలాగే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా కలిపి ఒకే గడిలో రాసినవాళ్లకి అమెరికా వీసామీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అది తెలియని గుమాస్తా ఆ మూడక్షరాలనే పిల్ల పేరనుకుని ఎక్కించేస్తే, హాజరు పిలుపు దగ్గర్నుంచి గ్రాడ్యుయేషన్ పట్టాదాకా అదే వెంటాడుతుంది. ఇంట్లో మాట్లాడే భాష ఏదని అడిగే ఫారం ఇచ్చినప్పుడు, తెలుగు అని రాస్తే పిల్లని వేరే క్లాసులో పడేస్తారేమోనని భయపడి ఇంగ్లీషు అని రాసే తల్లిదండ్రులూ కొందరుంటారు. ఆ ఫారం దేనికో, పరీక్ష తర్వాత కూడా ప్రత్యేక కార్యక్రమం వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంటుందనీ ఓపిగ్గా చెప్పగలిగితే వాళ్లు నిజం రాస్తారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికా ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని జనాభా లెక్కల ఆధారంగా చేసిన విశ్లేషణ ఒకటి చెప్పింది. వాళ్ల పిల్లలు చదివే బడుల్లో ఈ సంగతులు తెలిసినవాళ్ల అవసరం ఎంతో ఉంది.

ఇక హాస్పిటల్. అక్కడ తప్పు పడితే డబ్బుతో పోదు. ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ ఉన్న ఇద్దరు పేషెంట్ల ఫైళ్లు కలిసిపోతే ఒకరి ఎలర్జీ ఇంకొకరి ఫైల్లోకి చేరుతుంది. పెన్సిలిన్ పడని మనిషి ఫైల్లో ఆ మాటే కనిపించకపోవచ్చు. దీనికి విరుగుడు చాలా చిన్న అలవాటు: "మీరు లక్ష్మిగారేనా?" అని అడగకుండా "మీ పూర్తి పేరు చెప్పండి, పుట్టినతేదీ చెప్పండి" అని వాళ్లచేతే చెప్పించడం. నొప్పితో ఉన్నవాళ్లు, చెవులు సరిగా వినపడనివాళ్లు ఏ పేరు అడిగినా "అవును" అంటారు. మన పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. ఇంట్లో అనుకునే పుట్టినరోజు ఒకటి, బడిలో వేసినప్పుడు అయ్యవారు రాసిన తేదీ మరొకటి. పాస్‌పోర్టుమీద ఉన్నది రెండోది. కోడలు ఒకటి చెబితే మామగారు ఒకటి చెబుతారు. ఏది రికార్డులోకి ఎక్కాలో కంగారు పడకుండా తేల్చడానికి గుర్తింపు కార్డు చూపించమని మర్యాదగా అడగడం తప్ప దారి లేదు.

ఎమర్జెన్సీలో క్రమం కూడా ముఖ్యం. 1986లో వచ్చిన ఎంటాలా చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, చెల్లించగలడా లేడా అన్నదానితో సంబంధం లేకుండా, వైద్యపరంగా పరీక్షించి తీరాలి. ఇన్సూరెన్స్ వివరాలకోసం ఆ పరీక్షని ఆలస్యం చేయకూడదు. అందుకే రాగానే పేరు, పుట్టినతేదీ, ఏ బాధతో వచ్చారో మాత్రమే రాసుకుని లోపలికి పంపుతారు. తర్వాత చక్రాల బల్లమీద కంప్యూటర్ తోసుకుంటూ మంచం దగ్గరికి వెళ్లి, ఇన్సూరెన్స్ కార్డు, సంతకాలు, కో-పే సంగతి చూస్తారు. అప్పుడు ఎదురుగా ఉన్నది గుండెనొప్పితో వచ్చిన మనిషి, ఏడుస్తున్న భార్య. డబ్బు మాట ఎత్తక తప్పదు. ఎత్తే తీరులోనే మన సంస్కారం బయటపడుతుంది. కుర్చీ లాక్కుని వాళ్ల కళ్ల ఎత్తులో కూర్చుని, "ఈ వివరాలు ఇప్పుడు చెప్పగలరా, కాసేపు ఆగి రమ్మంటారా?" అని అడిగే వ్యక్తిని ఏ మేనేజరూ వదులుకోడు.

ఇక్కడ తెలుగు వచ్చిన ఉద్యోగికి ఒక ప్రలోభం ఎదురవుతుంది. విజిటర్ వీసామీద వచ్చిన అత్తగారికి డాక్టరు మాటలు తెలుగులో చెప్పమని అందరూ మనవైపే చూస్తారు. ధైర్యం చెప్పడం, పేరూ చిరునామా రాసుకోవడం వేరు. రోగనిర్ధారణని అనువదించడం వేరు. దానికి శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఏర్పాటు చేయడం ఆస్పత్రి బాధ్యత. "నేను పక్కనే ఉంటానండీ, కానీ డాక్టరుగారి మాటలు చెప్పడానికి అనువాదకుల్ని ఫోన్లో పిలిపిస్తాను" అనడం పెద్దామెకి చేసే నిజమైన మేలు.

ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైనది నోరు కట్టుకోవడం అంటాను నేను. ఆస్పత్రి రికార్డుల గోప్యతకి 1996 నాటి హిపా చట్టం ఉంది. పిల్లల రికార్డులకి 1974 నాటి ఫెర్పా ఉంది. చట్టం చదివి పరీక్ష రాయడం తేలికే. తెలుగువాళ్లు గుంపుగా ఉండే ఊళ్లో బతుకుతూ దాన్ని పాటించడం తేలిక కాదు. ఉగాది సంబరాల్లో పులిహోర వడ్డిస్తూ ఎవరో అడుగుతారు: "మొన్న వాళ్లాయన్ని మీ హాస్పిటల్‌కే తీసుకొచ్చారటగా వదినా, ఏమైందేంటి?" ఆ ప్రశ్నలో చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు, సాయం చేద్దామన్న తపనే ఉండొచ్చు. అయినా "అంత భయమేం లేదులే" అన్న ఊరడింపు కూడా గీత దాటడమే, ఎందుకంటే ఆయన అక్కడికి వచ్చాడని దాంతో తేలిపోతుంది. "పనిలో చూసినవేవీ నేను బయట మాట్లాడను వదినా, వాళ్లింటికే ఫోన్ చేసి కనుక్కో" అని నవ్వుతూ అనగలగాలి. ఇంటికొచ్చాక భర్తతో కూడా అనకూడదు. ఆఖరికి సొంత అన్నయ్య ఫైలు కూడా పని అవసరం లేకుండా తెరవకూడదు. ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో కంప్యూటరు నమోదు చేస్తూనే ఉంటుంది. కానీ పట్టుబడతామన్న భయంతో పాటించే గోప్యత ఎక్కువకాలం నిలవదు. ఎదుటివాళ్ల బలహీన క్షణాన్ని కాపాడే బాధ్యత నాకు అప్పగించారు అన్న స్పృహ ఉంటేనే నిలుస్తుంది. ఆ స్పృహని ఈ రోజు నుంచే, ఉద్యోగం రాకముందే, మన వాట్సాప్ గ్రూపుల్లోనే పెంచుకోవచ్చు. మనదికాని వార్తని ఫార్వర్డ్ చేయకుండా ఆగడంతో మొదలుపెట్టండి.

బడిలోనూ ఇదే పరీక్ష వేరే రూపంలో వస్తుంది. విడిపోయిన తల్లిదండ్రులుంటారు. తండ్రి ఫోన్ చేసి కూతురి మార్కులు అడుగుతాడు. తల్లి అప్పటికే "ఆయనకేం చెప్పొద్దు" అని వెళ్లి ఉంటుంది. కోర్టు ఉత్తర్వు అడ్డుపడితే తప్ప ఫెర్పా కింద రికార్డులు చూసే హక్కు ఇద్దరికీ ఉంటుంది. తల్లి కన్నీళ్లు చూసి మనసు కరిగినా, కాగితం అడగాలి. దయ, నిక్కచ్చితనం ఒకే మనిషిలో ఉండటం అంటే ఇదే.

ఇప్పుడు వెతుకులాట గురించి. రిజిస్ట్రార్ అన్న పేరుతోనే వెతికితే సగం ఉద్యోగాలు కనిపించవు. ఆస్పత్రులు ఎక్కువగా పేషెంట్ యాక్సెస్ రిప్రజెంటేటివ్ అని, అడ్మిషన్స్ స్పెషలిస్ట్ అని, ఈడీ (ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్) రిజిస్ట్రార్ అని ప్రకటిస్తాయి. బడులు డేటా క్లర్క్ అని, అటెండెన్స్ క్లర్క్ అని, టెక్సస్‌లో అయితే పీమ్స్ క్లర్క్ అని కూడా రాస్తాయి. జాబ్ సైట్లమీదే ఆధారపడకండి. మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్న స్కూల్ డిస్ట్రిక్టుల పేర్లన్నీ ఒక కాగితంమీద రాసుకుని, ఒక్కోదాని సొంత వెబ్‌సైట్లో ఉద్యోగాల పేజీ చూడండి. కాలిఫోర్నియాలో ఉంటే ఎడ్‌జాయిన్‌లో చాలా డిస్ట్రిక్టుల ప్రకటనలు ఒకేచోట దొరుకుతాయి. బడుల ఖాళీలు ఎక్కువగా వసంతం చివర్నుంచి ఎండాకాలంలో వస్తాయి. ఆస్పత్రులకి సీజను లేదు. రాత్రి, శని ఆదివారాల షిఫ్టులకి, అవసరాన్నిబట్టి పిలిచే పీఆర్ఎన్ పోస్టులకి ఎప్పుడూ మనుషులు కావాలి. పిల్లలు పడుకున్నాక భర్త ఇంట్లో ఉండే వేళ చేసుకోవడానికి అవి కొందరికి బాగా కుదురుతాయి.

నేరుగా రిజిస్ట్రార్ కుర్చీ దొరకడం కష్టమే. బడిలో అయితే ఫ్రంట్ ఆఫీసు సబ్‌స్టిట్యూట్‌గా, అంటే సెలవుమీద వెళ్లినవాళ్ల స్థానంలో పనిచేసే గుమాస్తాగా చేరండి. ఆఫీసువాళ్లు మీ పని కళ్లారా చూస్తారు. ఖాళీ పడ్డప్పుడు ప్రిన్సిపాల్‌కి ముందు గుర్తొచ్చేది మీరే. ఆస్పత్రి వైపు వెళ్లాలనుకుంటే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ టెర్మినాలజీ కోర్సు ఒకటి చేయండి. పేషెంట్ యాక్సెస్ రంగానికి నహామ్ అనే జాతీయ సంఘం ఇచ్చే సీహెచ్ఏఏ సర్టిఫికెట్ ఉంది, అది చేరాక తెచ్చుకోవచ్చు.

పని చేసే అనుమతి సంగతి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. హెచ్-4 మీద ఉన్న భార్య లేదా భర్తకి వర్క్ పర్మిట్ ఇచ్చే నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. హెచ్-1బీ మీద ఉన్నవారికి గ్రీన్‌కార్డు కోసం పెట్టే ఐ-140కి ఆమోదం వచ్చి ఉండాలి, లేదా ఆరేళ్లు దాటి పొడిగింపు వచ్చి ఉండాలి. ఎల్-2 మీద ఉన్న జీవిత భాగస్వామికి 2021 నవంబరు నుంచి ఆ హోదాతోనే పని హక్కు ఉంది. ఈ అనుమతి లేనివాళ్లు "రిజిస్ట్రార్ ఉద్యోగానికి హెచ్-1బీ చేయిస్తాం" అనే ఏజెంట్ల మాట నమ్మకండి. హెచ్-1బీకి ఒక ప్రత్యేక రంగంలో డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగం ఉండాలి, ఇది అలాంటిది కాదు. అనుమతి ఉన్నవాళ్లు కార్డు గడువు చూసుకుంటూ ఉండండి. గడువుకి 180 రోజుల ముందునుంచే పునరుద్ధరణకి దరఖాస్తు చేసుకోవచ్చు. చివరి నెలదాకా ఆగితే వచ్చిన ఉద్యోగం మధ్యలో ఆగుతుంది.

రెజ్యూమె దగ్గర మనవాళ్లు రెండు రకాలుగా నష్టపోతారు. ఒకటి, మన దేశపు బయోడేటా అలవాటుతో ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా అన్నవి పెట్టడం. ఇవేవీ ఇక్కడ అక్కర్లేదు. రెండోది ఇంకా లోతైనది: ఇంట్లో ఉన్న సంవత్సరాలు శూన్యమని మనమే నమ్మేయడం. సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి అమెరికాలో పిల్లలకి తెలుగు నేర్పుతోంది. మీ ఊరి కేంద్రంలో మీరు స్వచ్ఛందంగా పిల్లల్ని నమోదు చేసి, హాజరు చూసి, పరీక్షలు నడిపితే, అది అక్షరాలా రిజిస్ట్రార్ పనే. దాన్ని "ఖాళీ సమయంలో సేవ" అని చివర ఒక వాక్యంలో దాచేయకండి. ఎంతమంది పిల్లలు, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని కుటుంబాలతో మాట్లాడారు అన్నవి నిజంగా ఉన్నవే లెక్కలతో రాయండి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినామెకి తప్పులు పట్టే కన్ను ఉంటుంది. గుంటూరులో బ్యాంకు కౌంటర్లో కూర్చున్నామెకి కేవైసీ పత్రాలు సరిచూడటం, కోపంగా ఉన్న ఖాతాదారుతో మాట్లాడటం తెలుసు. ప్రకటనలో వాళ్లు అడిగిన మాటలు తీసుకుని, ఒక్కోదానికి మీ జీవితంలోంచి ఒక్కో నిజమైన పనిని ఎదురు పెట్టండి. ఎదురు పెట్టడానికి పని లేకపోతే ఆ మాట వదిలేయండి. రికార్డుల ఉద్యోగానికి వెళ్లే మనిషి తన రికార్డే పెంచి రాసుకుంటే ఆ పనికి తగనట్టే.

సిఫారసు ఇచ్చేవాళ్లుగా చుట్టాల్ని రాయొద్దు. మనబడి కోఆర్డినేటరు, కమ్యూనిటీ కాలేజీ టీచరు, స్కూలు లైబ్రరీలో మీతో పనిచేసిన ఉద్యోగి లాంటివాళ్లని ముందే అడిగి రాయండి. కొన్ని డిస్ట్రిక్టులు మన డిగ్రీకి అమెరికా సమానత పత్రం అడుగుతాయి. నేసెస్ అనే సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థ దగ్గర అది చేయించుకోవాలి.

దరఖాస్తుకీ ఇంటర్వ్యూకీ మధ్య ఉన్న రోజుల్లో మనిషి తనమీద తాను పని చేసుకోవాలి. నేను మూడు అలవాట్లు చెబుతాను. ఎవరు ఫోన్లో పేరో నంబరో చెప్పినా అక్షరం అక్షరం తిరిగి చదివి వినిపించడం. తేదీ రాసినప్పుడల్లా నెలని అక్షరాల్లో రాయడం. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే, పూర్తయ్యేదాకా మధ్యలో అందుకోకుండా వినడం. మూడోది మనలో చాలామందికి బాగా కష్టం, ఎందుకంటే సాయం చేసే తొందరలోనే మనం మాట అందుకుంటాం. ఇక యాస మార్చుకోవాల్సిన అవసరం ఏమాత్రం లేదు. మాట వేగం తగ్గిస్తే చాలు. అద్దం ముందు కాకుండా ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మన వేగం మనకి అప్పుడే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో తరచూ ఇలాంటివి అడుగుతారు: ఫోన్ మోగుతోంది, ఎదురుగా ఒక తల్లి ఏడుస్తోంది, ప్రిన్సిపాల్ లోపల్నుంచి పిలుస్తున్నారు, ముందేం చేస్తారు? ఇలాంటి ప్రశ్నకి బట్టీ జవాబు అతకదు. మీరు నిజంగా ఎప్పుడో ఎదుర్కొన్న సందర్భం ఒకటి చెప్పండి: ఏం జరిగింది, మీరేం చేశారు, చివరికేమైంది. పెళ్లింట్లో వంటవాళ్లు, పురోహితుడు, వియ్యాలవారు ఒకేసారి పిలిచిన రోజునుంచి కూడా చెప్పొచ్చు, దాంట్లోంచి మీ వరస తేలితే. మరో ప్రశ్న దాదాపు ఖాయం: ఇంత చదువుకుని ఈ ఉద్యోగమెందుకు? తలదించుకుని "ఏదో ఒకటి దొరికితే చాలు" అనకండి. పిల్లల్ని బడిలో చేర్చిన రోజు ఆ బల్ల దగ్గర మీకెలా అనిపించిందో, అక్కడ కూర్చుంటే మీరేం చేయగలరో చెప్పండి. పైన చెప్పిన టీకా తేదీ ఉదాహరణ ఒక్కటి చాలు, ఎదుటివాళ్లు కలం తీసి రాసుకోవడానికి. టైపింగ్, ఎక్సెల్, అక్షరక్రమంలో ఫైళ్లు సర్దే చిన్న పరీక్షలు కూడా కొన్నిచోట్ల పెడతారు. ముందే సాధన చేసి వెళ్లండి.

ఫార్మసీ, డెంటల్, హోమియోపతి, మైక్రోబయాలజీ చదివి వచ్చినవాళ్లకి మరో దారి చెప్పకుండా ఉండలేను. అది క్యాన్సర్ రిజిస్ట్రార్ పని. పేషెంట్ ఎదురుగా ఉండరు, ఫైలే ఉంటుంది. గడ్డ ఎక్కడ, ఏ కణజాలం, ఏ దశ, ఏ వైద్యం, తర్వాత మనిషి ఎలా ఉన్నాడు అన్నవన్నీ చదివి ప్రమాణాల ప్రకారం సంకేతాల్లో నమోదు చేయాలి. అమెరికాలో సీర్ అనే కార్యక్రమం 1973 నుంచి ఇలా పోగుచేస్తున్న లెక్కలమీదే, ఏ క్యాన్సర్ పెరుగుతోంది, ఎంతమంది బతుకుతున్నారు అన్న మాటలు నిలబడుతున్నాయి. ఎన్‌సీఆర్ఏ అనే సంఘం పరీక్ష పెడుతుంది. అంతకుముందు సీటీఆర్ అన్న సర్టిఫికెట్ 2024 నుంచి ఓడీఎస్ అయింది. కోర్సు, ప్రాక్టికల్ అన్నీ కలిపి సమయం పడుతుంది కానీ, తర్వాత చాలావరకు ఇంటి నుంచే చేసుకోవచ్చు. మన దేశపు వైద్యవిద్య ఇక్కడ వృథా అయిపోయిందని బాధపడే ఆడపిల్లలు ఒకసారి దీన్ని తప్పకుండా చూడాలి.

ఒక దరఖాస్తుకి జవాబు రాకపోతే మరోదానికి పంపుతూనే ఉండండి. ఇంటర్వ్యూదాకా వెళ్లి రాకపోతే, రెండు రోజులాగి, ఎక్కడ మెరుగుపరుచుకోవాలో చెప్పగలరా అని మర్యాదగా ఒక మెయిలు పంపండి. అందరూ చెప్పరు, చెప్పిన ఒక్కరి మాట చాలా పనికొస్తుంది. తిరస్కరణ ఒక పోస్టు గురించి, మీ గురించి కాదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా గట్టిగా చెప్పండి, ఎందుకంటే "ఇంకా రాలేదా?" అన్న వాళ్ల ప్రశ్నే మనల్ని ఎక్కువ కుంగదీస్తుంది.

ఉద్యోగం ఖాయమైతే బడివాళ్లు వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ చేయిస్తారు. టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ఇది ఉపాధ్యాయుల పింఛను వ్యవస్థలోకి వచ్చే ఉద్యోగం. టీఆర్ఎస్ అనే ఆ వ్యవస్థలో అయిదేళ్ల సర్వీసు పూర్తయితే పింఛను హక్కు ఏర్పడుతుంది. మిగతా ఆఫర్లతో పోల్చేటప్పుడు గంట జీతంతోపాటు దీన్నీ, ఆరోగ్య బీమానీ లెక్కలో వేసుకోండి. ఆస్పత్రివాళ్లు టీకాల రికార్డు, క్షయ పరీక్ష అడుగుతారు. మనలో చాలామందికి చిన్నప్పుడు బీసీజీ వేశారు కాబట్టి చర్మంమీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు. చేయి చాపకముందే "నాకు బీసీజీ వేశారు, రక్తపరీక్ష చేయించగలరా?" అని అడగండి. ఐజీఆర్ఏ అనే ఆ పరీక్షకి బీసీజీ అడ్డురాదు, చేరే తేదీ అనవసరంగా వెనక్కి పోదు.